సమాధానం అంటే ఏమిటి, టీచరమ్మా?

(ఒంగోలు ప్రాంతపు సంఘాల్లో పెద్దల బైబిలు తరగతులు నడిపేవారి కోసం ఒక శనివారం జరిగిన శిక్షణ కూడికలో చేసిన ప్రసంగం.)

పాస్టరు అయ్యగారికి, సంఘ పెద్దలకు, తెల్లవారకముందే బయల్దేరి బస్సులు మారి వచ్చిన మీ అందరికీ ప్రభువు నామంలో వందనాలు.

పెద్దలకు బైబిలు ఎలా నేర్పాలో చెప్పమని నన్ను పిలిచారు. నేను సెమినరీలో చదువుకున్నదాన్ని కాదు. ముప్పై ఏళ్ళు జిల్లా పరిషత్ హైస్కూల్లో తెలుగు చెప్పాను. ఆ ఉద్యోగం చేస్తున్న రోజుల్లోనే మా సంఘంలో ఆదివారం ఆరాధనకు ముందు ముప్పావుగంట పెద్దల తరగతి మొదలుపెట్టాం, ఇప్పటికీ నడుస్తోంది. నాకు తెలిసిందల్లా ఆ తరగతిలో తెలుసుకున్నదే. అందుకే అక్కడ జరిగిన ఒక సంగతి ముందు చెబుతాను.

మా తరగతికి ఒక పెద్దమ్మ వచ్చేది. ఉపవాస కూడికలకు అందరికంటే ముందు వచ్చి, వెనకాల చాప మీద గోడకు ఆనుకుని కూర్చునేది. ప్రార్థన మనవులు చెప్పండి అంటే మాత్రం ఎన్నడూ నోరు విప్పేది కాదు. ఒక ఆదివారం ఫిలిప్పీ పత్రిక, అంటే ఫిలిప్పీ అనే ఊరి సంఘానికి అపొస్తలుడైన పౌలు రాసిన ఉత్తరం, నాలుగో అధ్యాయం చదువుతున్నాం. దేని గురించీ చింతపడొద్దు, మీ విన్నపాలు దేవునికి తెలియజేయండి, అప్పుడు సమస్త జ్ఞానానికి మించిన దేవుని సమాధానం మీ హృదయాలకూ తలంపులకూ కావలి ఉంటుంది అని ఉంది కదా, ఆ చోటు. చదవడం అయిపోయాక ఆమె మెల్లగా అడిగింది.

"టీచరమ్మా, విన్నపాలు చెప్పుకోమన్నాడు, చెప్పుకున్నాను. మోకాళ్ళు కాయలు కాసేదాకా చెప్పుకున్నాను. అప్పుడు దేవుని సమాధానం వస్తుందని రాసి ఉందిగా. నాకు రాలేదమ్మా. నా కొడుకు జబ్బుతో పోయాడు. ఆయన మాట తప్పాడా, నా ప్రార్థనలోనే లోపం ఉందా?"

తరగతి అంతా నిశ్శబ్దం. ఎవరో "అట్లా అనకూడదు పెద్దమ్మా" అన్నారు. నాకు మాత్రం ఒళ్ళు జలదరించింది. ఎందుకంటే ఆమె చదివింది తప్పు కాదు. ఆమెకు తెలిసిన తెలుగులో సమాధానం అంటే జవాబు. మనందరికీ అంతే. 'క్రింది ప్రశ్నలకు సమాధానములు వ్రాయండి' అని ముప్పై ఏళ్ళు ప్రశ్నపత్రాల మీద రాసినదాన్ని నేనే. విన్నపం చెప్పుకో, అప్పుడు సమాధానం అంటే, అడుగు, జవాబు వస్తుంది అనే కదా ఎవరికైనా అర్థమయ్యేది. ఆ ఒక్క మాట దగ్గర ఆ తల్లి ఏళ్ళ తరబడి దేవుడు తనకు బాకీ పడ్డాడనుకుంది. పైకి చెప్పుకోలేక, ఆ బాకీని గుండెలో దాచుకుని మందిరానికి వస్తూనే ఉంది.

ఆ రోజు పాఠం అక్కడే ఆపేశాను. సమాధానం అన్న మాట మన బైబిలులో ఎక్కడెక్కడ ఉందో వెతికాం. కానుక అక్కడే విడిచిపెట్టి మొదట నీ సహోదరునితో సమాధానపడు అంటాడు ప్రభువు కొండమీది ప్రసంగంలో. అక్కడ జవాబు అనుకుంటే అర్థం కుదరదు. సంఖ్యాకాండం ఆరో అధ్యాయంలో అహరోను పలికే దీవెనలో నీకు సమాధానము కలుగజేయును గాక అని ఉంది. అక్కడా కుదరదు. మన ఇళ్ళల్లో "ఎన్ని చెప్పినా నా మనసు సమాధానపడట్లేదు" అంటాం చూడండి, ఆ అర్థం. హీబ్రూలో షాలోం, గ్రీకులో ఐరేనే. తెగిపోయింది అతుక్కోవడం, అలజడి సద్దుమణగడం, శాంతి. అనువాదం చేసినవారి కాలానికి అది మంచి మాటే. తరవాత ఆ మాట బడిలోకీ పరీక్షల్లోకీ వెళ్ళి వేరే అర్థంలో స్థిరపడిపోయింది. బైబిలులో మాత్రం ఉన్నచోటే ఉంది.

ఇక కావలి. ఈ మాట మన వాళ్ళకు చెప్పక్కర్లేదు. చేలో మంచె కట్టుకుని రాత్రంతా పంటకు కావలి కాసినవాళ్ళు తరగతిలో నలుగురు ఉన్నారు. పౌలు వాడిన గ్రీకు మాట సిపాయిల కాపలాకు వాడే మాట. ఫిలిప్పీ రోమా వలస పట్టణం. క్రీస్తుకు పూర్వం 42లో అక్కడ పెద్ద యుద్ధం జరిగాక రోమా సైనికులకు అక్కడ భూములిచ్చి స్థిరపరిచారు. ఆ ఊరివాళ్ళకు సిపాయి కాపలా అంటే ఏమిటో బాగా తెలుసు. రాసిన పౌలు కూడా సంకెళ్ళలో ఉండి రాస్తున్నాడు. తన మీదే కాపలా ఉన్న మనిషి, దేవుని శాంతి మీ గుండెల చుట్టూ కాపలా నిలబడుతుంది అంటున్నాడు. జబ్బు నయమవుతుందని ఆ వచనంలో మాట ఇవ్వలేదు. గుండెకు కావలి ఉంటుందని మాట ఇచ్చాడు.

పెద్దమ్మ ఆ రోజు ఏమీ అనలేదు. మరుసటి ఆదివారం తరగతి మొదలు కాకముందే నా దగ్గరకు వచ్చింది. "పిల్లోడు ఆస్పత్రిలో ఉన్నన్నాళ్ళూ వరండాలో పడుకుంటే నాకు నిద్ర పట్టేది టీచరమ్మా. కొడుకు అట్లా ఉంటే ఎట్లా నిద్రపోయావే అని మా వాళ్ళు అనేవాళ్ళు. నాకూ సిగ్గుగా ఉండేది, నేనేం తల్లినా అని. అదేనేమో ఆ కావలి" అంది.

ఆ రెండు ఆదివారాల మధ్య నేను ఎంత ఏడ్చానో నాకే తెలుసు. ఆమె అన్నేళ్ళలో ఎన్ని వందల ప్రసంగాలు వినుంటుంది! అందులో మంచి ప్రసంగాలు ఎన్నో ఉంటాయి. కానీ ప్రసంగం మధ్యలో చెయ్యెత్తి, ఈ మాటకు అర్థం ఏంటండీ అని ఎవరూ అడగరు. ప్రసంగం అందుకు కాదు కూడా. అడగడానికి ఇంకో చోటు ఉండాలి. పెద్దల తరగతి ఆ చోటు. అక్కడ కూడా మనం ఇంకో ప్రసంగం చేసేస్తే ఆ పెద్దమ్మకు నోరు తెరిచే చోటే లేకుండా పోతుంది. ఈ రోజు నేను చెప్పదలచుకున్నది ఇదే. మిగిలినవన్నీ దీని చుట్టూ తిరిగేవే.

లేఖనాల్లోనే చూడండి. నెహెమ్యా ఎనిమిదో అధ్యాయంలో ఎజ్రా నీటి గుమ్మం ఎదుట మైదానంలో ఉదయం నుంచి మధ్యాహ్నం దాకా ధర్మశాస్త్రం చదివాడు. వింటున్నవారు ఎవరు? పురుషులు, స్త్రీలు, విని గ్రహించగలిగిన వారందరూ. చదివి ఊరుకోలేదు, మందిర సేవ చేసే లేవీయులు జనం మధ్య తిరిగి అర్థం చెప్పారు. అపొస్తలుల కార్యాలు ఎనిమిదిలో ఐతియోపీయుడు రథంలో కూర్చుని యెషయా గ్రంథం చదువుతున్నాడు. రాణి దగ్గర ఖజానా చూసే మనిషి, చదువుకున్నవాడే. నీవు చదువునది గ్రహించుచున్నావా అని ఫిలిప్పు అడిగితే, ఎవరైనా దారి చూపకపోతే ఎలా గ్రహించగలను అన్నాడు. ఫిలిప్పు ఏం చేశాడు? రథమెక్కి పక్కన కూర్చున్నాడు. ఆయన ఆగిన వచనం దగ్గరే మొదలుపెట్టాడు. మన పని అంతకంటే ఎక్కువ కాదు, తక్కువా కాదు.

మన ప్రాంతం సంగతి కూడా కాస్త చెప్పుకోవాలి. ఇక్కడ కూర్చున్న చాలామంది ఇళ్ళల్లో ఈ విశ్వాసం పెద్దల తరగతి ద్వారానే వచ్చింది, అప్పుడు దానికి ఆ పేరు లేకపోయినా. చర్మాల వ్యాపారం చేసుకునే యెర్రగుంట్ల పేరయ్య గారు 1866లో బాప్తిస్మం తీసుకుని, తన వాళ్ళున్న పల్లెలకు ఆ వార్త మోసుకెళ్ళారు. ఆ తరవాత 1876 నుంచి 1878 దాకా కరువు. మన తాతలు ధాత కరువు అనేవారు. ఒంగోలులో ఉన్న అమెరికన్ బాప్టిస్టు మిషనరీ క్లౌ దొరగారు బకింగ్‌హామ్ కాలువలో మూడున్నర మైళ్ళ తవ్వకం పని కాంట్రాక్టుకు తీసుకుని ఆకలితో ఉన్నవాళ్ళకు కూలి ఇప్పించారు. పని చూసుకునే మేస్త్రీలుగా బోధకులనే పెట్టారు. తట్టలు దించి జనం కాసేపు కూర్చున్నప్పుడు ఆ బోధకులు పక్కన కూర్చునేవారు. ప్రయాసపడి భారము మోసికొనుచున్న సమస్తమైన వారలారా, నా యొద్దకు రండి అన్న ప్రభువు మాట చెప్పేవారు. మట్టి తట్ట అప్పుడే దించినవాడికి భారం అంటే ఏమిటో వేరే అర్థం చెప్పక్కర్లేదు. వాళ్ళు అడిగేవారు, వీళ్ళు చెప్పేవారు.

ఆ కరువులో పదిహేను నెలల పాటు క్లౌ దొరగారు బాప్తిస్మాలు ఆపేశారు. కూలి కోసం, గింజల కోసం వచ్చారన్న మాట రాకూడదని. సాయం అందడం ఆగిపోయాక కూడా జనం వస్తూనే ఉన్నారు. 1878 జూలై 3న వెల్లంపల్లి దగ్గర గుండ్లకమ్మలో ఒక్క రోజున 2,222 మంది బాప్తిస్మం పొందారు. ఆ సంఖ్య మనందరికీ నోటికి వచ్చు, మహాసభల్లో చెప్పుకుంటాం. ఆ ముందటి పదిహేను నెలల గురించి మాత్రం తక్కువ చెప్పుకుంటాం. నాకు ఆ పదిహేను నెలలే ఎక్కువ ఇష్టం. గట్టు మీద కూర్చుని అడిగి తెలుసుకున్న నెలలు అవి. వాళ్ళల్లో ఎక్కువమందిని బడి గడప తొక్కనివ్వని కాలం. అయినా వాళ్ళకు అర్థమయ్యేలా చెప్పడానికి మనుషులు పక్కన కూర్చున్నారు.

మాటల దగ్గరకు మళ్ళీ వస్తాను. తెలుగు టీచర్ని కాబట్టి ఇది వదలలేను. 1805లో లండన్ మిషనరీ సొసైటీ తరఫున క్రాన్, డెగ్రాంజ్ అనే ఇద్దరు విశాఖపట్నం వచ్చారు. ఆనందరాయరు అనే విశ్వాసి సాయంతో సువార్తలను తెలుగులోకి తేవడం మొదలుపెట్టారు. మత్తయి, మార్కు, లూకా 1812లో బెంగాల్లోని శ్రీరాంపూరులో అచ్చయ్యాయి. అప్పటి నుంచి ఎంతమందో సరిదిద్దుతూ వచ్చిన భాష మన చేతుల్లో ఉంది. ఆ భాషంటే నాకు ప్రాణం. కీర్తనలు ఆ భాషలో చదివితేనే నాకు కీర్తనలు. కానీ అందులో కొన్ని మాటలు ఇవాళ బయట వేరే పనిలో ఉన్నాయి. తరగతి నడిపేవాళ్ళం అది కనిపెట్టకపోతే, మనం ఒకటి చెబుతాం, వాళ్ళు ఇంకొకటి వింటారు.

నిబంధన తీసుకోండి. పాత నిబంధన, కొత్త నిబంధన అని రోజూ అంటాం. మా తరగతిలో ఒకసారి అడిగాను, నిబంధన అంటే ఏమిటని. ఒక తమ్ముడు వెంటనే "రూలండీ. ప్రకటనల కింద 'నిబంధనలు వర్తిస్తాయి' అని ఉంటుందిగా" అన్నాడు. చాలామంది తల ఊపారు. అంటే పాత నిబంధన పాత రూల్స్, కొత్త నిబంధన కొత్త రూల్స్! ఎంత ప్రమాదమో ఆలోచించండి. అప్పుడు ఆదికాండం పదిహేనో అధ్యాయం చదివించాను. అబ్రాము పశువులను రెండుగా ఖండించి ఎదురెదురుగా పెట్టాడు. ఆ కాలంలో ఒడంబడిక చేసుకునేవారు ఆ ఖండాల మధ్య నడిచేవారు. మాట తప్పితే నా గతీ ఇంతే అన్నట్టు. చీకటి పడింది, అబ్రాముకు గాఢనిద్ర వచ్చింది. పొగ రాజుతున్న పొయ్యి, మండుతున్న దివిటీ ఆ ఖండాల మధ్య నడిచాయి. అబ్రాము నడవలేదు. దేవుడు ఒక్కడే నడిచాడు. అది వినగానే ఆ తమ్ముడు "అయితే మాట తప్పితే శిక్ష ఆయన మీదే వేసుకున్నాడా?" అని అడిగాడు. నేను చెప్పాల్సిన పాఠం సగం అతనే చెప్పేశాడు. ఆ వారం ప్రభువు బల్ల దగ్గర, ఈ గిన్నె నా రక్తమువలననైన క్రొత్త నిబంధన అన్న మాట అయ్యగారు చదువుతుంటే అతని ముఖం చూశాను. అంతకుముందు ఎన్నోసార్లు విన్న మాటే.

నీతిమంతులుగా తీర్చబడుట కూడా అంతే. నీతి అనగానే నీతికథలు గుర్తొస్తాయి, మంచివాడిగా మారడం అనుకుంటారు. ఆ తీర్చడం తీర్పులోది అని చూపించాలి. కోర్టులో న్యాయాధిపతి తీర్పు తీరుస్తాడు. క్రీస్తును బట్టి నువ్వు నీతిమంతుడివి అని దేవుడు ప్రకటిస్తాడు. ఆ తరవాత జీవితం మారడం ఉంది, తప్పకుండా ఉంది, దానికి పరిశుద్ధపరచబడటం అని వేరే మాట ఉంది. ఈ రెండూ కలిపేస్తే, ఈ వారం కోపం తెచ్చుకున్న అక్కయ్య, నా రక్షణ పోయిందేమో అని రాత్రంతా టెన్షన్ పడుతుంది. రోమా ఐదో అధ్యాయం మొదటి వచనం చూడండి, తీర్చబడటం, సమాధానం రెండూ ఒకే వచనంలో పక్కపక్కనే ఉన్నాయి. ఆ ఒక్క వచనం మీద ఒక నెల గడిపినా తప్పు లేదు.

సిద్ధాంతం చెప్పాలంటే భయపడతారు చాలామంది. మనకెందుకు, అది పండితుల పని అంటారు. పెద్దల తరగతిలో సిద్ధాంతం వేరే పుస్తకం తెరిచి మొదలుపెట్టకండి. వాక్యంలో ఎవరో ఒకరు ఆగుతారు, అక్కడే ఉంటుంది. ఫిలిప్పీ రెండో అధ్యాయంలో, క్రీస్తు తన్ను తానే రిక్తునిగా చేసికొనెను అని ఉంది. రిక్తుడు అంటే ఖాళీ అయినవాడు. రిక్తహస్తాలతో వచ్చాడు అంటాం కదా. అది చెప్పగానే రైల్వేలో పనిచేసి రిటైరైన ఒక పెద్దాయన అడిగారు: "ఖాళీ అయ్యాడు అంటే దేవుడిగా ఉండటం మానేశాడా అమ్మా? అలాగైతే సిలువ మీద చనిపోయింది ఉత్త మనిషేనా?"

ఈ ప్రశ్న మీదే సంఘం కొన్ని వందల ఏళ్ళు పెనుగులాడింది. 325లో నైసియా సభ కుమారుడు తండ్రితో ఏకతత్వం గలవాడని చెప్పింది. 451లో కల్కెదోను సభ ఆయన నిజంగా దేవుడు, నిజంగా మనిషి, ఒక్కడే క్రీస్తు అని చెప్పింది. ఆ సంవత్సరాలు నేను బోర్డు మీద రాశాను, కానీ జవాబు వచనంలోనే దొరికింది. నాకు అది వ్యాకరణంలో దొరికింది. దాసుని స్వరూపమును ధరించుకొని, రిక్తునిగా చేసికొనెను అని ఉంది. ఏమి విడిచిపెట్టి ఖాళీ అయ్యాడని కాదు, ఏమి ధరించుకొని ఖాళీ అయ్యాడని పౌలు చెబుతున్నాడు. దేవుడిగా ఉంటూనే దాసుడి బతుకు మీద వేసుకున్నాడు. ఆ పెద్దాయన కాసేపు ఆలోచించి, "అధికారి కూలివాడి పక్కన కూలివాడిగా పని చేస్తే అధికారం పోదు, కానీ చేతులకు బొబ్బలు నిజంగానే వస్తాయి" అన్నారు. పోలికలన్నీ ఎక్కడో ఒకచోట తెగుతాయి, ఇదీ తెగుతుంది. అయినా ఆ రోజు అందరికీ అది దారి చూపింది.

ఇంకొకటి. అంత గొప్ప సిద్ధాంతం పౌలు ఎందుకు రాశాడు? ఆ పత్రికలోనే యువొదియ, సుంటుకే అనే ఇద్దరు స్త్రీల పేర్లు ఉన్నాయి. సువార్త పనిలో పౌలుతో కలిసి ప్రయాసపడినవారు. వాళ్ళిద్దరికీ పడటం లేదు, ఏకమనస్సుతో ఉండమని బతిమాలుతున్నాడు. కక్షతో, వృథా గొప్పతనం కోసం ఏమీ చేయకండి అని చెబుతూ, ఆ మాట మధ్యలోనే క్రీస్తు రిక్తుడవడం గురించి చెప్పాడు. దేవుడు మనిషైన మర్మం ఒక సంఘంలోని తగువు తీర్చడానికి రాసిన ఉత్తరంలో ఉంది. స్త్రీల సమాజంలో మాటామాటా అనుకున్న ఇద్దరు అక్కయ్యలు ఆ రోజు మా తరగతిలోనే ఉన్నారు. నేను వాళ్ళ వైపు చూడలేదు. చూడాల్సిన అవసరమూ రాలేదు.

అందుకే పత్రిక మొత్తం చదవండి అని అందరినీ బతిమాలుతాను. ఫిలిప్పీ నాలుగు అధ్యాయాలు, 104 వచనాలు. పైకి చదివితే ఇరవై నిమిషాల్లో అయిపోతుంది. మనం వచనాలను విడివిడిగా నేర్చుకుని పెరిగాం. కంఠత వాక్యాలు మన బలం, అది కాదనను. డిసెంబర్ 31 రాత్రి ఆరాధనలో ఒక వచనం రాసి ఇచ్చే వాగ్దానం కార్డు నేనూ తీసుకుంటాను, ఏడాదంతా బైబిలులో పెట్టుకుంటాను. కానీ ఆ కార్డు వెనక ఉన్న ఉత్తరం చదవాలి. నన్ను బలపరచువానియందే నేను సమస్తమును చేయగలను అన్న ఈ పత్రికలోని వచనం ఎంతమంది పిల్లల హాస్టల్ గోడల మీద ఉందో! మా సంఘంలో ఒక అబ్బాయి పోటీ పరీక్షలో రెండోసారి తప్పాడు. "ఆ వచనం నా విషయంలో పనిచేయలేదు ఆంటీ" అన్నాడు. పైన రెండు వచనాలు చదవమన్నాను. దీనస్థితిలో ఉండటం తెలుసు, సంపన్నస్థితిలో ఉండటం తెలుసు, ఆకలిగొని ఉండటం తెలుసు అంటున్నాడు పౌలు. ఏ స్థితిలో ఉన్నా తృప్తిగా ఉండటం నేర్చుకొని యున్నాను అంటున్నాడు. సమస్తం అంటే ఆ సమస్తం. పరీక్ష తప్పిన ఇంట్లో కూడా నిలబడగలగడం ఆ సమస్తంలో ఉంది. అపొస్తలుడైన పౌలు కూడా అది నేర్చుకున్నానన్నాడు, పుట్టుకతో వచ్చిందనలేదు.

అదే పత్రికలో ఎపఫ్రొదితు ఉన్నాడు, ఫిలిప్పీ సంఘం పౌలు దగ్గరకు పంపిన మనిషి. ఈ మధ్య ఫోన్లో వచ్చే ప్రసంగాలు విని, విశ్వాసం ఉంటే మందులెందుకు అనుకుని ఒకాయన బీపీ మాత్రలు ఆపేశారు. ఆయనతో వాదించలేదు. రెండో అధ్యాయం చివర చదివాం. ఎపఫ్రొదితు రోగియై చావుకు దగ్గరయ్యాడు. ఆయనకు విశ్వాసం తక్కువైందని పౌలు అనలేదు. క్రీస్తు పని కోసం ప్రాణానికి తెగించాడు, అట్టివారిని ఘనపరచండి అన్నాడు. దేవుడు అతన్ని కనికరించాడు అన్నాడు. మాత్రలు ఆపేసిన ఆయన ఆ వారమే డాక్టరు దగ్గరకు వెళ్ళారు. ఫోన్లో విన్న మాటను నిందిస్తే మనుషులు గట్టిపడతారు. బెరయ అనే ఊరివారు పౌలు చెప్పిన మాటలు కూడా లేఖనాల్లో ఉన్నాయో లేవో ప్రతిదినం చూసుకున్నారు. మన తరగతిలోనూ అదే అలవాటు చేద్దాం, మనం చెప్పే మాటలతో సహా.

సంఘాల మధ్య తేడాలు వచ్చినప్పుడు కూడా అంతే నిజాయితీగా ఉండాలి. ఒంగోలు వైపు మనం బాప్టిస్టులం, గుంటూరు వైపు 1842లో లూథరన్ మిషనరీ హేయర్ గారు వచ్చినప్పటి నుంచి లూథరన్ సంఘాలు. పెళ్ళిళ్ళు అటూ ఇటూ జరుగుతూనే ఉన్నాయి. ఒక కొత్త కోడలు అడిగింది: "పసిబిడ్డగా ఉన్నప్పుడే నాకు బాప్తిస్మం ఇచ్చారు. ఇక్కడ మళ్ళీ తీసుకోమంటున్నారు. మా అమ్మానాన్నలది తప్పుడు విశ్వాసమా?" ఆ పిల్ల కళ్ళల్లో నీళ్ళు. మళ్ళీ ఫిలిప్పీకే వెళ్ళాం, అపొస్తలుల కార్యాలు పదహారు. ఆ ఊళ్ళో ఉన్న లూదియ అనే స్త్రీ, ఆమె ఇంటివారు బాప్తిస్మం పొందారు. చెరసాల నాయకుడు, అతని ఇంటివారందరూ పొందారు. ఇంటివారందరూ అన్నప్పుడు బిడ్డలు కూడా ఉంటారు, దేవుని వాగ్దానం ముందు వస్తుంది అని లూథరన్లు చెబుతారు. ఆ ఇంటివారందరికీ వాక్యం బోధించారు, ఇంటివారందరితో కలిసి విశ్వసించి ఆనందించాడు అని ఉంది, కాబట్టి విశ్వాసం ముందు అని మనం చెబుతాం. రెండు సంఘాలూ ఒకే అధ్యాయం తెరుస్తాయి. మన సంఘం ఏమి నమ్ముతుందో దాచకుండా చెప్పాను. ఆమె అమ్మానాన్నలు ఎందుకలా నమ్మారో, వాళ్ళే చెప్పినట్టుగా చెప్పడానికి ప్రయత్నించాను. లూథరన్ సంఘాలకు మూలపురుషుడైన లూథరు గారు 1528లో జర్మనీలోని సాక్సనీ సంఘాలు తిరిగి చూసి, జనానికి ప్రాథమిక సంగతులు కూడా తెలియవని బాధపడి, మరుసటి ఏడాది చిన్న ప్రశ్నోత్తరాల పుస్తకం రాశారు. అందులో ప్రతి మాట తరవాతా 'దీనర్థం ఏమిటి?' అన్న ప్రశ్న వస్తుంది. ఆ ప్రశ్న మనం వాళ్ళ దగ్గర నేర్చుకోవచ్చు.

తరగతి ఎలా నడపాలో నాలుగు మాటలు. కుర్చీలు వరసల్లో వద్దు, గుండ్రంగా వేయండి. మిరప కోతల రోజుల్లో ఆదివారం పొద్దున ఎవరూ రారు, వాళ్ళను తప్పు పట్టకండి, రాత్రి భోజనాలయ్యాక పెట్టుకోండి. తెలియని ప్రశ్న వస్తే వచ్చే వారం చూసి చెబుతానని చెప్పండి, చెప్పి మర్చిపోకండి.

వంతులవారీగా చదివించకండి. ఈ తప్పు నేను చేశాను. మొదటి ఏడాది, ఒక్కొక్కరు రెండేసి వచనాలు చదవాలి అని పెట్టాను. తాపీ పని చేసే ఒకాయన క్రమం తప్పకుండా వచ్చేవారు. తన వంతు దగ్గరపడుతుంటే దగ్గు వచ్చినట్టు లేచి బయటికి వెళ్ళేవారు. రెండుసార్లు అలా జరిగాక రావడం మానేశారు. ఆయనకు చదువు రాదని తెలియడానికి నాకు ఆరు నెలలు పట్టింది. వెళ్ళి ఇంటి దగ్గర క్షమాపణ అడిగాను. ఆయన మళ్ళీ వచ్చారు. ఇప్పుడు యాకోబు పత్రిక మొదటి అధ్యాయం చూడకుండా చెబుతారు, ఫోన్లో ఆడియో బైబిలు విని నేర్చుకున్నారు. చదవడం రాదు కాబట్టి ఆయన విన్నంత శ్రద్ధగా తరగతిలో ఇంకెవరూ వినరు. ఫిలిప్పీలో ఈ ఉత్తరం మొదటిసారి వచ్చినప్పుడు కూడా ఒకరు చదివితే మిగిలినవారు విన్నారు.

ఇక నేను మాట్లాడటం ఆపుతాను. మధ్యాహ్నం దాకా మీరే తరగతి. చదవడానికి ఇద్దరిని నిన్ననే అడిగి ఒప్పించాను. మిగిలినవాళ్ళు బైబిళ్ళు మూసి ఒళ్ళో పెట్టుకోండి. మనం లూదియ ఇంట్లో కూర్చున్నాం. యువొదియ ఆ మూల, సుంటుకే ఈ మూల. చెరసాల నాయకుడు ఇంటివాళ్ళతో వచ్చాడు. ఎపఫ్రొదితు జబ్బు నుంచి తేరుకుని ఉత్తరం పట్టుకుని ఇప్పుడే గడపలో అడుగు పెట్టాడు. వింటూ ఏ మాట దగ్గర ఆగారో గుర్తుపెట్టుకోండి, అక్కడి నుంచే మొదలుపెడదాం.

చదవమ్మా, మొదటి అధ్యాయం మొదటి వచనం నుంచి. మెల్లగా చదువు.